వృత్తి అన్న గడిలో ఏం రాయాలి?

మా ఇంటికి బీమా కంపెనీ సర్వేయరు వచ్చింది ఒక్కసారే, 1993 ఫిబ్రవరిలో. మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. పాలకొల్లులో మాది రెండు గదుల పెంకుటిల్లు. ముందు వసారాకి తడికెలు కట్టించి అమ్మ అక్కడ రెండు కుట్టుమిషన్లు పెట్టుకుంది. ఒకటి పుట్టింటివాళ్లు ఇచ్చింది. రెండోది చీటీ పాడి తను కొనుక్కున్నది. ఆ వసారాలోనే ఓ మూల బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఒక రాత్రి దానిలోంచి నిప్పురవ్వ ఎగిరి తడికెకు అంటుకుంది. ఇరుగుపొరుగు బిందెలతో నీళ్లు పోసి ఆర్పేసరికి వసారా కప్పు, రెండు మిషన్లు, 41 జాకెట్టు ముక్కలు, ఫాల్ కుట్టమని ఇచ్చిన 7 పట్టుచీరలు బూడిదయ్యాయి. వాటితోపాటు కొలతలూ బాకీలూ రాసుకునే అమ్మ నోటుపుస్తకం కూడా. మనుషులకేమీ కాలేదు, అదే పదివేలనుకున్నాం.

అంతకు మూడేళ్ల ముందు నాన్న ఇంటి మరమ్మతుకి అప్పు తీసుకుంటే, అప్పిచ్చినవాళ్లు పట్టుబట్టి ఇంటికి అగ్నిప్రమాద బీమా చేయించారు. ఆ పాలసీ సంగతి అమ్మకి తెలియదు. సర్వేయరు వచ్చి, మసిబారిన మిషన్ల వంక చూసి, నాన్నని అడిగాడు.

“ఇక్కడేమన్నా వ్యాపారం నడుస్తోందాండీ?”

“అబ్బే, వ్యాపారమేంటండీ! మా ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు ఇరుగుపొరుగువాళ్లవి నాలుగు జాకెట్లు కుడుతుంది. అంతే” అన్నాడు నాన్న.

సర్వేయరు రాసుకున్నాడు. తలుపు వెనక నిలబడిన అమ్మ ఏమీ అనలేదు. అతను వెళ్లాక మాత్రం “నా తీరిక మీరెప్పుడు చూశారో!” అంది.

నాన్న అబద్ధమాడాడని చాలాకాలం కోపంగా ఉండేది నాకు. తర్వాత తెలిసింది, ఆయన ఆడింది సగం పరువు కోసం, సగం భయం కోసం. వ్యాపారం నడుస్తోందని ఒప్పుకుంటే, నివాసమని చెప్పి బీమా చేయించిన ఇంట్లో మరో పని చేస్తున్నారంటూ మొత్తం పాలసీనే కాదనవచ్చు. లేదంటే అమ్మ పని పనే కాదు. అవునంటే పాలసీ పోతుంది, కాదంటే అమ్మ పోతుంది. అమ్మ పోయింది. కప్పుకీ ఒక మిషనుకీ డబ్బొచ్చింది. ‘ఇంటి అవసరానికి ఒక మిషను చాలు కదా’ అన్నారు. జనం బట్టలకి పైసా రాలేదు. అమ్మ రెండు జతల గాజులు అమ్మి ఏడు పట్టుచీరల డబ్బు ఇచ్చుకుంది. నోటుపుస్తకం కాలిపోయింది కాబట్టి తనకి రావలసిన బాకీలు మాత్రం చాలావరకు రాలేదు.

నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. నిజామాబాద్ జిల్లాలో కాలేజీ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రాజులూ యుద్ధాలూ చెబుతున్నంతసేపూ ఆ సర్వేయరు ప్రశ్న నా వెనకే నడిచింది. ఇల్లూ పనిచోటూ ఒకటే అయిన మనిషికి నష్టం జరిగితే దాన్ని నష్టమని ఎవరు ఒప్పుకోవాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట నేను వెళ్లిన దారి.

*

ఇల్లు వేరు, వ్యాపారం వేరు అన్న గీత బీమాలో మొదటి నుంచీ ఉందనుకునేదాన్ని. అది నిజం కాదు. లండన్‌లో 1710లో మొదలైన సన్ ఫైర్ ఆఫీసు అనే అగ్నిప్రమాద బీమా సంస్థ తన పాలసీల వివరాలను పెద్ద పెద్ద రిజిస్టర్లలో రాయించేది. అవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పేరు, ఉండే చోటు, చేసే పని రాసి, తర్వాత వరసగా ఇంటి సామాను ఇంత, కట్టుకునే బట్టలు ఇంత, పనిముట్లూ అమ్మకపు సరుకూ ఇంత అని ఒకే పాలసీలో, ఒకే కప్పు కింద లెక్కగట్టేవాళ్లు. ఆ కాలంలో దుకాణదారు దుకాణం పైనే కాపురముండేవాడు. ఇల్లు పనిచోటు కావడం వింత కాదు, మామూలు. ఆ రిజిస్టర్లలో టోపీలు కుట్టే ఆడవాళ్లు, గౌన్లు కుట్టేవాళ్లు, చిల్లర కొట్టు నడిపేవాళ్లు తమ పేరుతో, తమ పనితో కనిపిస్తారు. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దపు స్త్రీల వ్యాపారాల గురించి రాసిన చరిత్రకారులకు ఈ బీమా పుస్తకాలు పెద్ద ఆధారమయ్యాయి. వేరే చోట దొరకని ఆడవాళ్లు అక్కడ దొరికారు.

అయితే ఆ పేర్లలో ఎక్కువమంది వితంతువులూ పెళ్లికానివాళ్లూ. పెళ్లయితే ఆమె ఆస్తీ సంపాదనా భర్తవే అనేది అప్పటి ఇంగ్లీషు న్యాయం. 1870లోనూ 1882లోనూ వచ్చిన చట్టాలతోగానీ భార్య సంపాదన భార్యది కాలేదు. ఈలోగా ఫ్యాక్టరీలు వచ్చాయి. పని ఇంటి గడప దాటింది. ఇల్లంటే విశ్రాంతి తీసుకునే చోటు, పనంటే బయటికెళ్లి చేసేది అన్న భావన స్థిరపడింది. మొగవాడి అనుభవం నుంచి పుట్టిన గీత అది. ఇంట్లో విశ్రాంతి ఎవరికి? నిజానికి పని ఇంట్లోంచి ఎక్కడికీ పోలేదు, లెక్కలోంచి మాత్రమే పోయింది.

బీమా చట్టంలో ఓ పునాది సూత్రముంది. బీమా చేయించుకునేవాళ్లు తమకు తెలిసిన ముఖ్యమైన సంగతులన్నీ దాచకుండా చెప్పాలి. 1766లో కార్టర్, బోహమ్‌ల కేసులో మాన్స్‌ఫీల్డ్ అనే న్యాయమూర్తి దీన్ని స్థిరపరిచాడు. న్యాయమైన సూత్రమే. కానీ చెప్పాలంటే అడగాలి కదా! అడిగే కాగితం ఇంటిపెద్ద ముందుకే వెళ్తుంది. అందులో ‘వృత్తి’ అన్న గడి ఒక్కటే, అది నాన్నది. మా అమ్మ ఏదీ దాచలేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

*

మరి మన దేశంలో బీమా కాగితాల్లోకి ఆడవాళ్లు ఏ హోదాలో అడుగుపెట్టారు? 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం చూస్తే సమాధానం దొరుకుతుంది. పెళ్లయిన స్త్రీ తన పేర తాను, భర్తతో నిమిత్తం లేకుండా పాలసీ తీసుకోవచ్చని అందులో ఒక సెక్షనుంది. భర్త తన ప్రాణం మీద భార్యాబిడ్డల కోసం పాలసీ తీసుకుంటే ఆ డబ్బు అప్పులవాళ్లకి పోకుండా వాళ్లకే చెందుతుందని దాని తర్వాతి సెక్షను చెబుతుంది. అయితే హిందువులు, ముస్లింలు, సిక్కులు, జైనులను ఆ చట్టం మొదట్లో బయటే ఉంచింది. 1923లో సవరణ చేసి, వాళ్లకు వర్తింపజేసింది ఆ రెండో సెక్షనును. మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో కూడా, 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకే అది వర్తిస్తుందని రాశారు.

ఆ రక్షణ ఎందరో వితంతువులను కాపాడింది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ మన స్త్రీ బీమాలోకి ఎలా వచ్చిందో గమనించండి. సంపాదించే మనిషిగా కాదు, రేపటి వితంతువుగా వచ్చింది. పాలసీలో ఆమె నామినీ. భర్త పోతే కుటుంబానికి నష్టం. ఆమె పోతే? ఆమె చేతిలో పని పోతే? ఆ నష్టానికి గడి లేదు.

1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. బీమా పల్లెలకి వచ్చింది, కానీ ఈ దృష్టి అంత తేలిగ్గా మారలేదు. చాలాకాలం సంస్థ స్త్రీలను మూడు తరగతులుగా చూసింది. సొంత సంపాదన ఉన్నవాళ్లు మొదటి తరగతి. ఆస్తి మీదా వడ్డీ మీదా ఆదాయం వచ్చేవాళ్లు రెండోది. మిగిలిన గృహిణులందరూ మూడోది. మూడో తరగతివాళ్లకి ఎంత బీమా ఇవ్వాలన్నది భర్తకున్న బీమాను బట్టి ఉండేది. ఇంటి దగ్గర కుట్టి, వండి, అల్లి సంపాదించే మనిషి దగ్గర జీతం చీటీ ఉండదు, పన్ను రసీదు ఉండదు. కాగితం లేని సంపాదన ఆమెను ఏ తరగతిలోకి తోస్తుందో చెప్పనక్కర్లేదు.

దీన్ని ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు. 1991లో నీరా మాథుర్ కేసులో, జీవిత బీమా సంస్థలో ఉద్యోగానికి వచ్చిన స్త్రీలను బహిష్టుల గురించీ గర్భాల గురించీ డిక్లరేషను అడగడం సిగ్గుచేటని సుప్రీంకోర్టు చెప్పి ఆ ప్రశ్నలు తీసేయమంది. 1995లో మరో తీర్పు వచ్చింది. తక్కువ ప్రీమియంతో ఉన్న ఒక పాలసీని ప్రభుత్వ, పేరున్న సంస్థల ఉద్యోగులకే ఇస్తామన్న షరతును అహ్మదాబాద్‌కు చెందిన వినియోగదారుల సంస్థ ఒకటి సవాలు చేసింది. జీతగాళ్లకొక న్యాయం, స్వయంగా బతికేవాళ్లకొక న్యాయం రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు ఆ షరతును కొట్టేసింది. ఆ తీర్పు స్త్రీల గురించి కాదు. కానీ సొంతంగా బతికే వాళ్లంటే ఎవరు? అందులో మా అమ్మలాంటివాళ్లు ఎందరు?

*

ఇప్పుడు మా ఊరి పక్కకి వస్తాను. పాలకొల్లు నుంచి నరసాపురం పది కిలోమీటర్లు. మా పెద్దమ్మది ఆ పక్క పల్లె. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద ఆడవాళ్లందరి చేతుల్లో సూదీ దారమూ ఆడేవి. మాటలు ఆగేవిగానీ వేళ్లు ఆగేవి కావు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినవి పట్టుకెళ్తాడు, వ్యాపారి వాటిని విదేశాలకి పంపుతాడు. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాద సామాజికవేత్త అక్కడికొచ్చి అధ్యయనం చేసి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే పుస్తకం వేసింది. ఇంటిచాకిరికి తోడు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా వాళ్లకి రోజుకి రూపాయి కూడా గిట్టడం లేదని లెక్క తేల్చింది. ఆ దోపిడీ ఎందుకు సాగుతోందో ఆమె చెప్పిన కారణం నాకు మా నాన్న మాటని గుర్తుచేసింది. వాళ్లని కార్మికులని ఎవరూ అనరు. గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు అంటారు. ఆమె దీన్ని గృహిణీకరణ అంది. వ్యాపారికి ఆ మాట లాభం. కులంలో కాస్త పైనున్న ఇళ్లలో అది పరువు కూడా. పొలానికి పోకుండా గడప లోపలే ఉండే ఆడవాళ్లు మావాళ్లు అని చెప్పుకోవడానికి లేసు పనికొచ్చింది. పరువూ లాభమూ చేతులు కలిపితే పని మాయమవుతుంది.

ఇక్కడ బీమా ఎక్కడుంది? లేకపోవడంలో ఉంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమూ 1948 నాటి ఈఎస్ఐ చట్టమూ పనిలో జరిగే ప్రమాదం భారాన్ని యజమాని మీద పెట్టాయి. లేసు కోసం వ్యాపారి షెడ్డు కట్టి ఉంటే అద్దె అతనిది, దీపం అతనిది, నిప్పంటుకుంటే నష్టం అతనిది, పనిలో దెబ్బ తగిలితే పరిహారమూ అతనిదే. అదే పని అరుగు మీదికి వస్తే ఇవన్నీ ఆడదాని మీదికి మారతాయి. చూపు మందగించినా నడుం పట్టేసినా ఆమె ఖర్మ. ఇంటి దగ్గర పనిలో చవక అని మనం చెప్పుకునేది ఎక్కడినుంచో ఊడిపడదు. ఎవరో కట్టాల్సిన ప్రీమియం ఎవరూ కట్టకపోవడం వల్ల వచ్చే చవక అది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. లేసుకి ఊరి పేరు దొరికింది. అల్లినవాళ్లకి కార్మికులన్న పేరు దొరకడం వేరే సంగతి.

*

1990ల్లో నిజామాబాద్ జిల్లాకి ఉద్యోగానికెళ్లినప్పుడు, ఇదే దృశ్యం మరో రూపంలో చూశాను. అరుగుల మీద ఆడవాళ్లు ఒడిలో చాట, చేతిలో కత్తెర, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. వెయ్యి బీడీలకి ఇంతని కూలి. టేకేదారు ఆకూ తంబాకూ ఇస్తాడు. దూరం నుంచి చూస్తే నరసాపురం అరుగే. కానీ నేను అద్దెకున్న ఇంటి పక్కామె ఒకరోజు ట్రంకు పెట్టె తెరిచి ఒక కార్డు చూపించింది. “గిది ఉంటెనే మేడమ్, దవాఖాన, పిల్లల స్కాలర్‌షిప్పు. పీఎఫ్ కూడ కడ్తరు” అంది. ఆ కార్డుని ఆమె బంగారంలా బట్టలో చుట్టి దాచుకుంది.

లేసు అల్లే మా పెద్దమ్మకి లేనిది బీడీ చుట్టే ఈమెకి ఎలా వచ్చింది? ఇల్లూ అరుగూ రెండు చోట్లా ఒక్కటే. తేడా చట్టంలో ఉంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఉద్యోగి అన్న మాటకి నిర్వచనం రాస్తూ, యజమాని ఇచ్చిన సరుకుతో ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లు కూడా అందులోకే వస్తారని స్పష్టంగా చెప్పింది. ప్రసూతి ప్రయోజనాన్నీ వాళ్లకి వర్తింపజేసింది. 1976లో బీడీల మీద సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టారు. 1977లో భవిష్యనిధి చట్టం బీడీ పరిశ్రమకి వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్లు మా ఉద్యోగులు కారని యజమానులు కోర్టుకెళ్తే, 1985లో పి.ఎం.పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. పని ఎక్కడ జరుగుతోందన్నది కాదు, ఎవరి వ్యాపారం కోసం జరుగుతోందన్నది ముఖ్యమని తేలింది.

ఇవేవీ ఊరికే రాలేదు, సంఘాలు కట్టి కొట్లాడితే వచ్చాయి. వచ్చినవన్నీ అందాయనీ అనను. కార్డుకి నోచుకోనివాళ్లను నేనే చూశాను. జీఎస్టీ వచ్చినప్పుడు 2017లో ఆ సెస్సును ఎత్తేశారు. అయినా ఆ ట్రంకు పెట్టెలో కార్డు నాకు ఒక పాఠం చెప్పింది. ఇంట్లో చేసే పని కంటికి కనబడదు అంటారు కదా. చట్టం ఒక్క వాక్యం రాస్తే కనబడుతుంది.

మరి కుట్టుపని? 1973లో మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు ఉంది. ముక్కకింత అని కూలి తీసుకునే దర్జీలు, అప్పుడప్పుడూ బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవాళ్లు, దుకాణం ఉద్యోగులేనని కోర్టు చెప్పింది. చూసిన సంగతుల్లో ఒకటి, మిషన్లు యజమానివి కావడం. ఆ తీర్పు చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె మిషను ఆమెదే. ఆమెకి యజమాని లేడు. చీటీ పాడి మిషను కొనుక్కుని స్వతంత్రురాలైన మనిషిని కార్మిక చట్టం కార్మికురాలనదు, బీమా కంపెనీ వ్యాపారి అనదు, ఇంట్లోవాళ్లు సంపాదనపరురాలనరు.

*

ఈ మూడు ‘కాదు’ల మధ్య నుంచే అహ్మదాబాద్‌లో సేవ పుట్టింది. 1972లో ఇలా భట్ నాయకత్వంలో స్వయం ఉపాధి స్త్రీలు తమకొక కార్మిక సంఘం రిజిస్టరు చేయమంటే అధికారులు సందేహించారు. యజమాని లేకుండా సంఘమేమిటి, ఎవరి మీద పోరాడతారు అని. వాళ్లు పట్టు విడవకుండా సంఘం కట్టారు. 1974లో నాలుగు వేలమంది తలా పది రూపాయలు వేసుకుని తమ బ్యాంకు పెట్టుకున్నారు. అప్పులు ఎందుకు తిరిగి రావడం లేదో చూస్తే, ఎగవేత కాదు కారణం. జబ్బు, కాన్పు, ఇంట్లో చావు, వరద. కష్టపడి కొనుక్కున్న మిషను ఆసుపత్రి బిల్లు కోసం అమ్ముడుపోతోంది. అంటే అప్పిస్తే చాలదు, ఆ అప్పుతో నిలబెట్టుకున్నదాన్ని కాపాడే ఏర్పాటూ కావాలి. పేద స్త్రీల ప్రాణానికీ సామానుకీ బీమా లాభసాటి కాదన్నది అప్పటి నమ్మకం. ఏళ్ల ప్రయత్నం తర్వాత 1992లో విమో సేవ మొదలైంది. ప్రభుత్వ బీమా సంస్థలతో కలిసి ప్రాణం, ఆసుపత్రి ఖర్చు, ఇల్లూ పనిముట్ల నష్టం, ఈ మూడింటికీ కలిపి ఒకే పథకం. భర్త మరణానికీ అందులో చోటుంది. కానీ ఈసారి పాలసీ ఆమెది, ఆమె సభ్యత్వం మీద భర్త చేరతాడు. 1874 నుంచి నడిచిన వరస అక్కడ తిరగబడింది. 2009లో అది స్త్రీల సొంత సహకార సంఘంగా రిజిస్టరైంది.

నన్ను ఆకట్టుకున్నది ఆ పథకంలోని గీత లేనితనం. ఇల్లు ఇంత, పనిముట్లు ఇంత అని ఒకే కాగితంలో. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి లండన్ రిజిస్టరులో టోపీలు కుట్టే ఆమెకి ఉన్నదే ఇది! తేడా ఏమిటంటే ఇక్కడ ఆ కాగితం రాయించుకున్నది వాళ్లే. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనివాళ్ల మీద 177వ ఒడంబడికను ఆమోదించడం వెనుకా వీళ్ల కృషి ఉంది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.

అయినా నాకొక ముల్లు మిగిలింది. బీడీ కార్డులో యజమాని వాటా ఉంది. స్వయం బీమాలో ప్రీమియం ఆడవాళ్లే కట్టుకోవాలి. పేదరాలు పేదరాలిని కాపాడుకోవడం గొప్పే. కానీ ఆమె చవక పని మీద లాభపడిన వ్యాపారీ, పన్ను తీసుకున్న రాజ్యమూ పక్కకి తప్పుకోవడానికి అది సాకు కాకూడదు. రెండూ కావాలి. తన పాలసీ తనకి కావాలి, ఎవరి లాభం కోసం పనిచేస్తోందో వాళ్ల వాటా కూడా కావాలి.

*

ఇప్పుడేం మారింది? చాలా మారింది. 2015 నుంచి బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా ఏడాదికి 12 రూపాయలతో, 2022 నుంచి 20 రూపాయలతో, రెండు లక్షల ప్రమాద బీమా చేయించుకోవచ్చు. అందులో వృత్తితో పనిలేదు. 2021 జనవరిలో కీర్తి కేసులో, తెలుగువాడైన జస్టిస్ రమణ, గృహిణి మరణానికి పరిహారం లెక్కగట్టేటప్పుడు ఆమె పనికి ఆదాయం విలువ కట్టడం దయ కాదు, గుర్తింపు అన్న అర్థంలో రాశారు. 2019 నాటి కాలవినియోగ సర్వేని ఉటంకించారు. ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే పురుషులు 97 నిమిషాలు. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకి ఒక ప్రామాణిక పాలసీ, అయిదు కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాలకి మరొకటి వచ్చాయి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 1966 నాటి బీడీ చట్టం వాటిలో కలిసిపోయింది. సామాజిక భద్రతా కోడ్ ‘ఇంటి ఆధారిత కార్మికులు’ అన్న మాటకి నిర్వచనం ఇచ్చింది. యజమాని కోసం, ప్రతిఫలానికి, తన ఇంట్లో పనిచేసేవాళ్లు అని. మా పెద్దమ్మ ఇందులో పడుతుంది. మా అమ్మ పడదు. ఆమె ‘స్వయం ఉపాధి’ అన్న వేరే మాట కింద ఉంటుంది.

చిన్న వ్యాపారాలకి పాలసీ వచ్చిందిగానీ గీత పోలేదు. ఇంటి పాలసీ ఇంటి సామానుకి రాసింది. అమ్మే సరుకూ దాన్ని తయారుచేసే యంత్రమూ విడిగా చెప్పి విడిగా రాయించుకోవాల్సినవి. ఇతరులు మన దగ్గర ఉంచిన వస్తువులు, మా అమ్మకి ప్రాణాంతకమైనవి అవే, అగ్నిప్రమాద పాలసీల్లో పేరు పెట్టి చేర్పిస్తే తప్ప మామూలుగా చేరవు. మనం చేసి అమ్మిన తిండి వల్ల ఎవరికైనా జబ్బు చేస్తే వచ్చే బాధ్యత మరో పాలసీ సంగతి. పని ఆగిపోయిన నెలల్లో రాని సంపాదన ఇంకోటి. ఇంటి నుంచి వ్యాపారం చేసే ఏ స్త్రీ అయినా ఈ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద అడిగి, జవాబు కాగితం మీదే తీసుకోవాలి. మాట మీద మిగిలేది ఏమీ ఉండదని మా ఇంట్లో 1993లోనే తేలింది.

కిందటేడు మా మరదలు పాలకొల్లులో పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టింది. ఆవకాయ, గోంగూర, రొయ్యల పచ్చడి. అమ్మ కుట్టిన వసారాలోనే ఇప్పుడు గ్రైండరు, జాడీలు. నాన్న లేడు. బీమా ఏజెంటు ఫారం ఇచ్చి వెళ్లాడు. సెలవులకి నేనక్కడే ఉన్నాను.

“వదినా, వృత్తి దగ్గర ఏం రాయమంటావ్?” అంది మరదలు.

మా తమ్ముడు పేపర్లోంచి తలెత్తకుండానే “హౌస్‌వైఫ్ అని రాసెయ్, గొడవుండదు” అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. మా నాన్నా కాదు.

మంచం మీద పడుకున్న అమ్మకి ఎనభై దాటాయి. కళ్లు సరిగా కనబడవు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

“ఉన్నది రాయమను. రాశాక నాకు చదివి వినిపించమను” అంది.

మరదలు రాసింది. పచ్చళ్ల తయారీ, అమ్మకం, సొంత ఇంట్లో. కింద సరుకు విలువ, గ్రైండరు విలువ, జాడీల విలువ. అన్నీ అమ్మకి వినబడేలా చదివింది. అమ్మ అంతా విని, కాసేపాగి అడిగింది.

“ఇంకెవరివన్నా సామాన్లు నీ దగ్గర ఉన్నాయా? అవీ రాయి.”